నేల టిక్కెట్టు: నాటకం నుంచి సినిమాకు ప్రేక్షకుడి ప్రయాణం

మన నాటక చరిత్రల్లో రచయిత ఉన్నాడు. నటుడు ఉన్నాడు. సమాజం స్థాపించిన వకీలు, తెరలకు డబ్బిచ్చిన జమీందారు, హార్మోనిస్టు కూడా ఉన్నారు. చూసినవాడు మాత్రం లేడు. ‘ప్రేక్షకులు కరతాళధ్వనులు చేసిరి’ అన్న ఒక్క వాక్యంలో వాడి పాత్ర ముగిసిపోతుంది. ఇది యాదృచ్ఛికంగా జరిగిన లోపమని నేననుకోను. చరిత్ర రాసినవాళ్ళు ఎప్పుడూ ముందు వరస కుర్చీల్లో కూచున్నవాళ్ళే కాబట్టి, వెనక ఏం జరుగుతున్నదో వాళ్ళు తిరిగి చూడలేదు.

1977లో అమెరికాలోని షికాగో నగరంలో ఆర్గానిక్ థియేటర్ అనే బృందం ఒక విచిత్రమైన నాటకం వేసింది. పేరు ‘బ్లీచర్ బమ్స్’. ఆలోచన జో మాంటేన్యా అనే నటుడిది, దర్శకుడు స్టూవర్ట్ గోర్డన్, రచన మాత్రం నటులందరి ఉమ్మడి సొత్తు. బేస్‌బాల్ మైదానంలో పైకప్పు లేని చవక బల్లలుంటాయి. ఎండకు వెలిసిపోయే బల్లలు కనుక వాటికా పేరు. నాటకమంతా ఆ బల్లల మీదనే. ఆట మనకు కనబడదు. ఆట చూసేవాళ్ళు కనబడతారు. ఎప్పుడూ ఓడిపోయే సొంత ఊరి జట్టు మీద ఆశ చావని మనుషులు, ఒక్కొక్క బంతి మీదా పందాలు కాసుకునేవాళ్ళు, వాళ్ళ మధ్య రేడియో వింటూ ఆటను ‘చూసే’ ఒక గుడ్డివాడు. 1979లో ఇది అక్కడి పబ్లిక్ టెలివిజన్‌కు ఎక్కింది. 2002లో మళ్ళీ టెలివిజన్ చలనచిత్రంగా తీశారు.

ఈ నాటకంలో నన్ను ఆకర్షించింది బేస్‌బాల్ కాదు, ఆ ఆట నియమాలు నాకు ఇప్పటికీ సరిగా అంతుపట్టవు. రంగస్థలం మీద కూచున్న ప్రేక్షకులూ హాల్లో కూచున్న ప్రేక్షకులూ ఎదురెదురుగా ఒకరినొకరు చూసుకోవడం, అదీ ఆ నాటకంలోని కీలకం. కెమెరా వచ్చేసరికి ఆ ఎదురుచూపు తెగిపోతుంది. తెరమీది మనిషి మనల్ని చూడలేడు. ఒక నాటకం సినిమా అయినప్పుడు కథ ఎంత మారింది, పద్యాలు ఎన్ని పోయాయి అని మన విమర్శకులు లెక్కలు కడతారు. చూసేవాడి స్థానం ఏమయిందని అడిగినవాళ్ళు తక్కువ.

ఆ ప్రశ్న అడగడానికి నేనుండే ప్రాంతం కన్న తగిన చోటు లేదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. ధర్మవరం జంక్షన్ నుంచి బెంగుళూరు పోయే రైలు దారిలో వరసగా వచ్చే మూడు ఊళ్ళు. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 1882కు ముందు అనంతపురం జిల్లా కూడా లేదు, అంతా బళ్ళారి జిల్లాయే. ఈ సంగతి గుర్తుంచుకుంటే తప్ప, ధర్మవరంలో పుట్టినవాడు బళ్ళారిలో నాటక సమాజం ఎందుకు పెట్టాడో బోధపడదు. ఇక్కడి చదువుకున్నవాడికి కోర్టూ కచేరీ బళ్ళారిలోనే ఉండేవి.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టారు. బళ్ళారిలో వకీలు. 1886లో అక్కడ సరస వినోదినీ సభ స్థాపించి, ‘చిత్రనళీయం’తో మొదలుపెట్టి ముప్పై దాకా నాటకాలు రాశారు, వేశారు, తానూ వేషం కట్టారు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఆయనది. తెలుగు రంగస్థలం మీద పాత్రధారుల చేత పద్యాలనూ పాటలనూ రాగయుక్తంగా పాడించే పద్ధతిని స్థిరపరచిన ఘనత ఆయనకే ఇస్తారు. ఆ పద్ధతి వల్ల తెలుగు నాటకానికి మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవే తర్వాత ఆ రాగాల వరదకు అడ్డుకట్ట వేయబూనాడంటే ఇక ఇతరుల మాట చెప్పేదేముంది!

ఈ వాదంలో ఒక సంగతి మరుగున పడుతుంది. పాట ప్రవేశించడంతో ప్రేక్షకుడికి ఒక ఆయుధం దొరికింది. ఆ ఆయుధం పేరు ‘వన్స్ మోర్’. పాటకూ పద్యానికీ ఆద్యంతాలు ఉంటాయి కనుక, దాన్ని విడదీసి మళ్ళీ అడగవచ్చు. వచన సంభాషణను అలా అడగలేరు. చచ్చిపడిన పాత్ర లేచి కూచుని పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిందన్న కథలు ప్రతి ఊళ్ళోనూ చెబుతారు. చదువుకున్నవాళ్ళు ఇవి చెప్పి నవ్వుతారు. నేనూ ఎం.ఏ. చదివే రోజుల్లో నవ్వినవాణ్ణే. ఇప్పుడు ఆలోచిస్తే, రసభంగం జరిగిందని మనం అంటున్న ఆ క్షణంలో అణా టిక్కెట్టువాడు వకీలు చేత రెండోసారి పాడించుకుంటున్నాడని తోస్తుంది. కచేరీలో ఆ వకీలు ముందు చేతులు కట్టుకుని నిలబడే రైతు, రాత్రి పందిట్లో ‘మళ్ళీ పాడు’ అంటే ఆయన పాడాలి. పగటిపూట సమాజంలో ఎక్కడా లేని హక్కు అది.

కృష్ణమాచార్యుల నాటకాల్లో ‘విషాద సారంగధర’కు ప్రత్యేక స్థానముంది. కథ పాతదే. గౌరన ‘నవనాథ చరిత్ర’లో ఉంది. చేమకూర వేంకటకవి దాన్ని రాజమహేంద్రవరపు రాజరాజ నరేంద్రుడికి అంటగట్టాడు. ఆ రాజు పట్టపురాణి చోళ రాకుమారి అమ్మంగదేవి, కొడుకు తర్వాత కులోత్తుంగ చోళుడైన రాజేంద్రుడు. ఇది శాసనాల చరిత్ర. సారంగధరుడు ఆ చరిత్రలో లేడు, జనం నోట్లో ఉన్నాడు. సవతి తల్లి చిత్రాంగి వలచడం, పావురం ఎగిరిపోయి ఆమె మేడ మీద వాలడం, కొడుకు కాలు చేతులు నరికించమని తండ్రి ఆజ్ఞ. పాత కథలో సిద్ధుడి మహిమ వల్ల నరికిన అవయవాలు మళ్ళీ మొలుస్తాయి. కృష్ణమాచార్యులు ఆ ఓదార్పును పక్కన పెట్టి, నాటకాన్ని విషాదంగా ముగించారు. సంస్కృత నాటకానికి మంగళాంతం విధి అని పండితులు శాసిస్తున్న రోజులవి. భాసుడి ‘ఊరుభంగం’ అప్పటికింకా తిరువనంతపురం తాటాకుల్లోంచి బయటపడలేదు, కనుక ఆయనకు అటువైపు నుంచి ఆసరా కూడా లేదు. షేక్స్పియర్ చదువు ఆయన చేత ఈ పని చేయించిందని రాసి ఊరుకుంటున్నాం. నిజమే. కాని కరువు సీమ ప్రేక్షకుడు దాన్ని ఒప్పుకోకపోతే ఎన్ని ఆటలు ఆడేది? మంగళాంతం లేని కథలు వాడికి కొత్త కాదు. పండితుడికి కొత్త.

1891లో సరస వినోదినీ సభ మద్రాసు వెళ్ళి నాటకాలు వేసింది. చూసినవాళ్ళలో పమ్మల్ సంబంధ మొదలియార్ అనే తమిళ యువకుడున్నాడు. గౌరవనీయులైన వకీళ్ళు, ఉద్యోగులు వేషాలు కట్టడం చూసి ఆయన మనసు మారింది. అదే ఏడాది సుగుణ విలాస సభ పుట్టింది, తమిళ ఆధునిక నాటకానికి అది పురుడు పోసింది. ఆయన తర్వాత తమిళంలో తన సారంగధర కూడా రాశాడు. ఒక ప్రేక్షకుడు లేచి వెళ్ళి రంగస్థలం కట్టుకున్న సందర్భమిది. మన పుస్తకాల్లో దీన్ని బళ్ళారి సభ కీర్తిగా చెబుతారు. చూసినవాడి చొరవ అని కూడా చెప్పుకోవచ్చు కదా!

ఇంతలోనే అసలు మలుపు వచ్చింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన కుటుంబాల నాటక సమాజం ఊరూరా తిరుగుతూ ఆడుతున్న వాటిలో కృష్ణమాచార్యుల ‘భక్త ప్రహ్లాద’ ఒకటి. హెచ్.ఎం. రెడ్డి ఆ నాటకాన్నే ఎన్నుకుని సురభివాళ్ళను బొంబాయి తీసుకుపోయి తొలి పూర్తి తెలుగు టాకీ తీశారు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి, సింధూరి కృష్ణారావు అనే బాలుడు ప్రహ్లాదుడు. చందాల కేశవదాసు పాటలు రాశారు. షూటింగ్ మూడు వారాలలోపే అయిపోయింది. చాలాకాలం 1931 సెప్టెంబరు 15న విడుదలైందని మనం పండగలు చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సారు కాగితాలు వెతికి, 1932 జనవరి 22న సెన్సారయిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో మొదటి ఆట పడిందనీ తేల్చారు. ధర్మవరం మనిషి నాటకం తెలుగు తెరకు తొలి మాట అయింది. ఆ ఊళ్ళో దీన్ని గుర్తు చేసుకునేవాళ్ళెంతమంది అని నేను అడిగితే, పట్టుచీరల బేరంలో మునిగిన మా బంధువొకాయన ‘అట్లనా!’ అన్నాడు, అంతే.

ఆ సినిమా ఇప్పుడు లేదు. ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. కాబట్టి దాని గుణదోషాల గురించి మాట్లాడడం అనవసరం. ఒక్క సంగతి మాత్రం ఆలోచించవలసింది. పుట్టుక నుంచి పందిళ్ళలో పెరిగిన సురభి నటులు మొట్టమొదటిసారి ఎవరూ లేని చోట నటించారు. ఎదురుగా నేల మీద కూచున్న జనం లేరు. ఈల లేదు, ‘వన్స్ మోర్’ లేదు. దీపాలూ మైకూ ఉన్నాయి. జనం దగ్గరికి ఆ పద్యం వచ్చేసరికి అది ఎప్పుడో ఎక్కడో పాడేసిన పద్యం. హాల్లో నేలవాడు అలవాటు కొద్దీ ‘వన్స్ మోర్’ అని అరిచి ఉంటాడు. తెర వినలేదు. ఆపరేటరు రీలు వెనక్కు తిప్పితే తప్ప ఆ కోరిక తీరదు. మళ్ళీ చూడాలంటే మళ్ళీ టిక్కెట్టు కొనాలి. ఇక్కడే ఒక హక్కు సరుకుగా మారింది. నాటకం సినిమాగా మారడంలో మార్క్సిస్టు విమర్శకుడు చూడవలసిన మొదటి విషయం ఇది. మనం ఎంతసేపూ పురాణ వస్తువు తిరోగామి అని రాస్తూ ఈ విషయాన్ని వదిలేశాం.

నటుడికి కూడా ఈ మార్పు సుఖంగా లేదు. 1936లో ద్రౌపది కథ మీద రెండు సినిమాలు పోటీ పడ్డాయి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో బళ్ళారి రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. కన్నాంబ సినిమా గెలిచింది, రాఘవ సినిమా ఓడింది. కంటి చూపుతో, ఒక్క నిట్టూర్పుతో వెయ్యిమందిని పట్టి నిలిపినవాడని పేరుపొందిన రాఘవ తెర మీద నిలవలేకపోయాడు. జనానికి అభిరుచి లేదు అని పెద్దలు తీర్పు చెప్పారు. నాకు ఆ తీర్పు సబబుగా తోచదు. రాఘవ నటన ఎదుటి జనం శ్వాసను బట్టి మలుచుకునే నటన. జనాన్ని తీసేసి నటుణ్ణి మాత్రమే తెరకెక్కించారు. 1939లో ‘రైతుబిడ్డ’లో ఆయన కనిపించినప్పుడు సంగతి వేరు, అక్కడ వస్తువే జనానిది. జమీందార్లు దాని మీద కత్తి కట్టారంటే ఆశ్చర్యం లేదు.

పెనుకొండ దగ్గర కొంచెం ఆగాలి. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరపు రాజ్యలక్ష్మి ఈ కొండ కిందికే వచ్చింది. తిమ్మరుసును బంధించిన చోటని ఇక్కడ ఒక కట్టడం చూపిస్తారు. చరిత్ర ఒప్పుకున్నా లేకున్నా చూపిస్తూనే ఉంటారు. 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’ సినిమా వచ్చాక గుమ్మడి ముఖమే తిమ్మరుసు ముఖమయింది. ఆ పతనాన్ని నాటకం చేసినవాడు బళ్ళారి రెండో పెద్ద, కోలాచలం శ్రీనివాసరావు. సుమనోరమ సభ ఆయనది. ఆయన ‘రామరాజు చరిత్ర’లో రాఘవ పఠాను రుస్తుం వేషం కట్టి పేరు గాంచాడు. హిందూ ముస్లిముల మధ్య చిచ్చు రేగుతుందన్న సాకుతో బ్రిటిషు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది.

పాలకులు నాటకానికి భయపడ్డారని మనం గర్వంగా రాసుకుంటాం. వాళ్ళు భయపడింది పుస్తకానికి కాదు, అది ఎప్పటిలాగే దుకాణంలో ఉంటుంది. రాత్రి పందిట్లో కూడిన మనుషులకు భయపడ్డారు. ఆ భయంలో ఒక అవమానం కూడా ఉంది: జనం చూసి ఆలోచించరు, చూసి రెచ్చిపోతారు అన్న నమ్మకం. పెనుకొండలో బాబయ్య దర్గాకు ఈనాటికీ రెండు మతాలవాళ్ళూ వస్తారు. ఆ జనం తళ్ళికోట కథ చూసి మరునాడు పొద్దున కత్తులు నూరుతారని అనుకున్నవాడు ఈ ఊరి సంత ఎప్పుడూ చూడలేదన్నమాట.

నిషేధాల సంగతి తెల్లదొరలతో పోలేదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ ప్రదర్శనను నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని కించపరుస్తున్నదన్నది ఆర్యవైశ్యుల ఫిర్యాదు. వేశ్యా వ్యసనాన్ని ఖండించడానికి కాళ్ళకూరి రాసిన నాటకం వందేళ్ళలో పచ్చి హాస్యంగా మారిన మాట నిజం. ఎవరు మార్చారు? నటులు, కంట్రాక్టర్లు, అడిగి అడిగి పెంచుకున్న ప్రేక్షకులు. ‘వన్స్ మోర్’ హక్కును నేను ఇంతసేపూ పొగిడాను కాబట్టి దాని రెండో ముఖం కూడా చెప్పాలి. తిరునాళ్ళలో తెల్లవారుజామున సుబ్బిశెట్టిని మళ్ళీ మళ్ళీ రప్పించిన గొంతులూ నేల మీదివే. 1956లో భరణీవాళ్ళు తీసిన ‘చింతామణి’ సినిమా ఎలా తీశారో అలాగే ఉంది. తెర మీద సుబ్బిశెట్టి ఒక్క మాట అదనంగా అనలేడు. చెడిపోయే స్వేచ్ఛ కూడా నాటకానికే ఉంది. ఆ స్వేచ్ఛను సర్కారు ఉత్తర్వుతో సరిదిద్దవచ్చని నేను నమ్మను.

ఇక హిందూపురం. ధర్మవరం కృష్ణమాచార్యుల సారంగధరుడు 1937లో పి. పుల్లయ్య దర్శకత్వంలో ఒకసారి, 1957లో వి.ఎస్. రాఘవన్ దర్శకత్వంలో ఇంకోసారి తెలుగు తెర మీద కనిపించాడు. 1957లో సారంగధరుడు ఎన్.టి. రామారావు, చిత్రాంగి భానుమతి. ఆ సారంగధరుడే 1982లో పార్టీ పెట్టి, 1985లో మూడు చోట్ల గెలిచి హిందూపురాన్ని ఉంచుకున్నాడు. 1989లో కల్వకుర్తి ఓడించినా హిందూపురం ఓడించలేదు. 1994లో మళ్ళీ గెలిపించింది. ఆయన పోయాక 1996 ఉప ఎన్నికలో ఆయన కొడుకు హరికృష్ణనూ, 2014 నుంచి మరో కొడుకు బాలకృష్ణనూ మూడుసార్లు గెలిపించింది.

ఊరి బయటివాళ్ళు దీనికి ఒకటే వివరణ ఇస్తారు: సినిమా పిచ్చి. మా అభ్యుదయ మిత్రుల్లో కూడా ఈ మాట అనేవాళ్ళున్నారు, అది వినడానికి నాకు కష్టంగా ఉంటుంది. యాభై ఏళ్ళు తెర ముందు కూచుని వినిపించుకోని ‘వన్స్ మోర్’ అరిచిన జనం దగ్గరికి, ఆ తెరమీది మనిషి చైతన్యరథం ఎక్కి మట్టిరోడ్డున వచ్చాడు. వ్యాను పైకప్పే రంగస్థలం. తెరకు లేని చెవులు అతనికున్నాయి. జనం కేక వేస్తే ఆగాడు, మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాడు. టాకీ రాకతో పోయిన ఎదురెదురు సంబంధం ఇంకో రూపంలో తిరిగి వచ్చింది. 1985, 1989, 1994 ఎన్నికలను హిందూపురం మూడు ‘వన్స్ మోర్’లుగా చదివితే ఆ ఓటులోని తర్కం కొంత తెలుస్తుంది. దాన్ని మత్తు అనడం సులభం.

అయితే తర్కం తెలిసినంత మాత్రాన సమర్థించినట్టు కాదు. పందిట్లో మళ్ళీ పాడమంటే అలిసేది నటుడి గొంతు. ఓటు దగ్గర అలిసేది ప్రేక్షకుడే. హిందూపురంలో వేసవి వస్తే బిందెలు వరస కట్టే వీధుల్లోనే నేను పెరిగాను. ట్యాంకరు కోసం కాచుకున్న అదే వరస, కొత్త సినిమా నాడు టిక్కెట్టు కిటికీ ముందు కనిపించేది. అవే మొహాలు, అవే తోపులాటలు. పందెం కాసినవాడు జట్టు ఓడినా మరునాడు మళ్ళీ వచ్చి బల్ల మీద కూచుంటాడు, షికాగోలో అయినా ఇక్కడైనా. ఆ నాటకం వాళ్ళను ఎగతాళి చేయదు, నెత్తికెత్తుకోదు. బల్ల మీద వాళ్ళ పక్కన కూచుని వింటుంది. మన కథకుల్లో, నాటకకర్తల్లో అభిమాని గురించి అలా రాసినవాడు నాకు తారసపడలేదు. ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు అభిమాన సంఘాల మీద ఇంగ్లీషులో పుస్తకాలు రాశారు. మన సృజనాత్మక సాహిత్యంలో మాత్రం అభిమాని అంటే హాస్యపాత్ర, లేకపోతే రౌడీ. ‘రసికుడు’ అన్న పాత మాట పోయింది, ‘ప్రేక్షకుడు’ అన్నది పుస్తకాల్లో మిగిలింది, వీధిలో ‘అభిమాని’ మిగిలాడు. ఈ మూడు మాటల మధ్య నూరేళ్ళ సాంఘిక చరిత్ర ఉంది. విద్యార్థులెవరైనా పరిశోధన అంశం కోసం వెతుకుతుంటే ఇది తీసుకోవచ్చు. ముందు వరస కుర్చీలో కూచుని మాత్రం రాయకండి.

మా జేజినాయన ధర్మవరంలో మగ్గం నేసేవాడు. సారంగధర నాటకం ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. 1957 సినిమా కూడా చూశాడు. ‘బాగుండె. కాని మనం ఉన్నామో లేదో వానికి తెలీదు’ అనేవాడు. చిన్నప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

1994 ఎన్నికల ముందు హిందూపురంలో సభ. నాకు పన్నెండేళ్ళుంటాయి. మోరీ గట్టెక్కి నిలబడ్డాను. ముందంతా తలలే, వ్యాను పైభాగం కూడా సరిగా కనబడలేదు. పక్కన ఒక ముసలాయన, కళ్ళకు శుక్లాలు కమ్మి తెల్లగా ఉన్నాయి, నా భుజం పట్టుకున్నాడు.

‘ఏం జేస్తాండాడప్పా?’

‘మాట్లాడ్తాండాడు తాతా.’

‘అది ఇనపడ్తాంది లే. చెయ్యెత్తినాడా?’

నాకేమీ కనబడటం లేదు. ‘ఎత్తినాడు’ అన్నాను.

‘మన దిక్కేనా?’

‘మన దిక్కే.’

ఆయన నా భుజం వదిలి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.